చూరు దాటని చింతచెట్టు

చోడవరంలో టైలరు షరీఫుద్దీన్ ఇంటి పెరట్లో ఒక చింతచెట్టు ఉంది. దానికి తెగులు లేదు, పురుగు లేదు, నీళ్ళకి కరువు లేదు. ఆకు నిగనిగలాడుతూ ఉంటుంది, మాను లావెక్కింది, కొమ్మలు నాలుగు వైపులా విరగబడి పరుచుకున్నాయి. చెట్టన్నది చేయవలసిన పనులన్నీ శుభ్రంగా చేస్తుంది గానీ ఎత్తు మాత్రం ఎదగదు. వంటింటి చూరు దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఎందుకు ఎదగడం లేదని షరీఫుద్దీన్ అడగని మనిషి లేడు. అడగనిది ఒక్క తన భార్యనే. కారణం ఆవిడ కుడిచేతి బొటనవేలి గోట్లో ఉంది.

దొంగ పేరు మొదటే చెప్పేశానేమిటని అనుకోకండి. అక్బరీ బేగం లాంటి దొంగని దాచిపెట్టి కథ నడపడం నా వల్ల కాదు. ఆవిడ నవ్వితేనే సగం బయటపడిపోతుంది. మిగతా సగం ఎలా బయటపడిందో చెప్తాను.

ఆ చెట్టుని ఎవరూ నాటలేదు. బట్టలుతికే బండ పక్కన ఎప్పుడో పారేసిన చింతపిక్క ఒకటి వానలకి మొలిచింది. పక్కింటి అప్పలనరసమ్మ గోడ మీంచి తొంగి చూసి గుండె బాదుకుంది.

“ఇంట్లో సింతసెట్టేటే అక్బరీ! పీకి పారీ. దెయ్యాలు కాపరం పెట్టేస్తాయి.”

“మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఏ దెయ్యమూ ఈ గుమ్మం తొక్కలేదక్కా. ఆవిడ పేరు చెప్తే ఇప్పుడూ రాదు,” అంది అక్బరీ.

షరీఫుద్దీన్‌కి మాత్రం ఆ మొక్క మీద మనసు పడింది. ఆయన తండ్రి కూడా టైలరే. సంత రోజుల్లో చింతచెట్టు కింద మిషను వేసుకుని కుట్టేవాడు. ఆ నీడ గురించి, ఆ గాలి గురించి చిన్నప్పుడు తెగ విన్నాడు షరీఫుద్దీన్. తను చూస్తే బస్టాండు వెనక సందులో, రేకుల కప్పు కింద, ఫ్యాను వేడిగాలి కొడుతుంటే స్కూలు యూనిఫారాలు కుడుతున్నాడు. అందుకని ఒక బక్రీదు నాడు, అనకాపల్లి చుట్టాలూ, బుచ్చయ్యపేట నుంచి వచ్చిన చెరకు రైతు బంగార్రాజూ భోజనాలు చేసి కూర్చున్నప్పుడు, కడుపు నిండిన ధైర్యంతో ఒక మాట అనేశాడు.

“ఈ చెట్టు చూరు దాటిన రోజున కొట్టు మూసేస్తాను. మిషను తెచ్చి దీని నీడలో వేసుకుంటాను. ఇన్నేళ్ళూ మా బేగం ఒక్కర్తీ ఇంట్లో పడుంది. ఇంక పొద్దస్తమానూ ఆవిడ ఎదురుగానే ఉంటాను.”

చుట్టాలందరూ అక్బరీ వంక తిరిగి, ఎంత అదృష్టవంతురాలివమ్మా అన్నారు. బంగార్రాజు లేచి నిలబడ్డాడు. అతను షరీఫుద్దీన్ దగ్గర తప్ప ఇంకెక్కడా చొక్కా కుట్టించుకోడు. స్నేహితుడు ఏమన్నా అంటే దానికి సాక్షి సంతకం పెట్టడం తన బాధ్యత అనుకుంటాడు.

“మాటంటే మాటే మాస్టారూ! సెట్టు సూరు దాటిన నాడు మీ మిషను నా ట్రాక్టర్లో నేనే తెచ్చి దింపుతాను. ఇందరి ముందు సెప్తన్నాను.”

ఎంగిలి పళ్ళాలు తీస్తూ అక్బరీ నవ్వింది. లోపల మాత్రం ఆవిడ గుండె జారి పొయ్యిలో పడింది. ఎందుకో తెలియాలంటే ఆవిడ మధ్యాహ్నాల సంగతి తెలియాలి.

అక్బరీది అనకాపల్లి. తండ్రి బెల్లం మార్కెట్లో దిమ్మలు తూచేవాడు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆవిణ్ణి ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు. అత్తగారు పిలిచేది, మరుదులు పిలిచేవారు, కూతురు మిస్బా పుట్టాక అది ఏడ్చి పిలిచేది. కూర్చున్న చోటు వెచ్చబడకుండానే లేవడం అలవాటైపోయింది. కాలం గడిచింది. అత్తగారు పోయింది, మరుదులు వేరు కాపురాలు పెట్టుకున్నారు, మిస్బా పెళ్ళై గాజువాక వెళ్ళింది. ఒకరోజు మధ్యాహ్నం అక్బరీ పెరట్లో బండ మీద కూర్చుని ఉండగా, చాలాసేపటి నుంచి తనని ఎవరూ పిలవలేదని గమనించింది. తలమీది దుపట్టా తీసి బండ మీద పడేసి, కాళ్ళు బార్లా చాపింది. ఎంత హాయిగా ఉందంటే ఆవిడకి కళ్ళనీళ్ళు వచ్చాయి.

అప్పటి నుంచి మధ్యాహ్నం రెండు గంటలైతే ఆ పెరడు ఆవిడది. అప్పలనరసమ్మ వచ్చేది. అంగన్‌వాడీలో పనిచేసే దుర్గాదేవి పిల్లల్ని ఇళ్ళకి పంపించి వచ్చేది. వెనక వీధిలోకి కొత్తగా కాపురానికొచ్చిన తహమీనా గోరింట చేతులూపుకుంటూ వచ్చేది. షరీఫుద్దీన్ మార్కింగు సుద్ద ఒకటి కొట్టేసి బండ మీద గళ్ళు గీసుకుని, అరగదీసిన చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడేవారు. తహమీనా దొంగాట ఆడేది, అప్పలనరసమ్మ బూతులు తిట్టేది, అక్బరీ పడీపడీ నవ్వేది. ఆ నవ్వులో ఒక్క మగాడి గురించి కూడా మంచిమాట ఉండేది కాదు.

దీనికి ఒక్క రోజు సెలవు. శుక్రవారం. శుక్రవారం కొట్టు ఉండదు కనక షరీఫుద్దీన్ మసీదు నుంచి వచ్చి, భోంచేసి, పెరట్లో కుర్చీ వేసుకునేవాడు.

“బేగం, నా కళ్ళజోడు చూసేవా?” అది నుదుటి మీదే ఉండేది. “బేగం, మంచినీళ్ళు.” “బేగం, ఇలా రా, ఆ కాకి చూడు ఏటి చేస్తందో.” “బేగం, పప్పులో తాలింపు కాస్త మాడినట్టుంది కదా, నీకనిపించలేదా?”

మంచివాడే. నోరెత్తి ఒక్క మాట అనడు. చెడ్డవాడైతే ఇంత ఇబ్బందే లేదు, ఎదురు తిరిగి ఊరుకునేది. అంత ప్రేమగా పిలిచే మనిషిని పిలవొద్దని ఎలా చెప్తుంది? ఇప్పుడా మనిషి వారంలో ఏడు శుక్రవారాలు పెడతానని అందరి ముందూ ఒట్టేసి కూర్చున్నాడు.

మర్నాడు ఆయన కొట్టుకి వెళ్ళగానే అక్బరీ బండెక్కి, చింతచెట్టు పై కొనని వంచి, లేత ఎరుపు చిగురుని గోటితో పుటుక్కున గిల్లేసింది. చేతిలో పడిన చిగురుని ఏం చెయ్యాలో తోచక నోట్లో వేసుకుంది. పుల్లగా, లేతగా, బ్రహ్మాండంగా ఉంది. నేరం చేసిన చేదు కాస్తైనా ఉండాలి కదా, లేదు.

ఆ పని ఒక్కసారితో తేలేది కాదని తర్వాత తెలిసింది. ఒక కొన గిల్లితే దాని పక్క నుంచి రెండు లేచేవి. ఆ రెండూ గిల్లితే నాలుగు. దానికితోడు షరీఫుద్దీన్ చెట్టుకి పేడ వేసేవాడు, మాంసం కడిగిన నీళ్ళు పోసేవాడు, ఎండల్లో పాదు తడారనిచ్చేవాడు కాదు. ఆయన పోషించే కొద్దీ ఆవిడకి పని పెరిగేది. కానీ గిల్లిన చిగురంతా ఊరికే పోలేదు. అక్బరీ చేసే చింతచిగురు మాంసానికి పేటలో పేరొచ్చింది. బయట ఎక్కడా చిగురు దొరకని నెలల్లో కూడా ఆ ఇంట్లో ఉడికేది. షరీఫుద్దీన్ రెండోసారి అడిగి వడ్డించుకునేవాడు. కంచం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, పెరట్లోకి వెళ్ళి చెట్టు కేసి చూసి నిట్టూర్చేవాడు.

“ఏటో బేగం, ఈ చెట్టెందుకో ఎదగడం లేదు.”

“అల్లా దయ,” అనేది అక్బరీ. అది అన్నిటికీ పనికొచ్చే జవాబు.

ఎదగకపోవడానికి కారణాలు వెతకడం ఆయనకి వ్యసనమైపోయింది. రిటైరైన సైన్సు మాస్టారు సత్యారావు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి, చెట్టు చూసి ఉపన్యాసం ఇచ్చాడు. అడవిలో చెట్లు వెలుగు కోసం ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి పోతాయి, ఇది ఒంటి చెట్టు, చుట్టూ కావలసినంత ఎండ, ఎవరితోనూ పోటీ లేదు, ఇంక కష్టపడి పైకెందుకు పోతుంది అన్నాడు. అప్పలనరసమ్మకి అసలు సంగతి మొదటి నుంచీ తెలుసు. అయినా దిష్టి అని గట్టిగా చెప్పి, తన పాత చెప్పు ఒకటి తెచ్చి కొమ్మకి కట్టించింది.

బంగార్రాజు మాత్రం మాటలతో పోనివ్వలేదు. గునపం పట్టుకుని వచ్చాడు.

“సెట్టు ఏరుకి అడుగున రాయి తగిలింది మాస్టారూ. మా సెరకు తోటలోన ఒక మూల ఇలాగే గిడసబారిపోయేది. తవ్వితే ఇంత బండ. కిందకి దిగనిది పైకేటి పోతాది?”

ఒక పూటంతా పాదు చుట్టూ తవ్వి చెమటలు కక్కాడు. రాయి దొరకలేదు. దొరికిందల్లా అత్తగారి కాలంలో పోయిన ఇత్తడి గరిటె. దాన్ని పుట్టింటికి చేరవేసిందని అప్పట్లో అక్బరీ ఎన్ని మాటలు పడిందో! గరిటె కడిగి వంటింట్లో తగిలించుకుని, చెట్టు మూలంగా ఇంకో న్యాయం కూడా జరిగిందని ఆవిడ సంతోషపడింది.

ఆవిడకి నిజంగా చెమటలు పట్టించింది కీర్తి ఒక్కతే. ఉద్యాన శాఖలో కొత్తగా చేరిన పిల్ల. షరీఫుద్దీన్ బతిమాలితే శుక్రవారం స్కూటీ వేసుకుని వచ్చింది. చెట్టు చుట్టూ తిరిగింది, ఆకు నలిపి వాసన చూసింది, బండెక్కి పై కొమ్మ ఒకటి వంచి కొనని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

“చెట్టుకి ఏ జబ్బూ లేదంకుల్. పైకి పోయే కొనని ఎప్పటికప్పుడు ఏదో తుంచేస్తంది. ఆ కొన ఉన్నంతసేపూ అది పక్క కొమ్మల్ని అదుపులో పెడుతుంది. అది పోయిందనుకోండి, ఇంట్లో పెద్దాయన ఊరెళ్ళినట్టే. పక్కవాళ్ళందరూ రెచ్చిపోతారు. చెట్టు గుబురవుతుంది గానీ పొడుగవదు.”

“తుంచేస్తందా? ఎవరు తుంచుతారమ్మా?” అన్నాడు షరీఫుద్దీన్.

అక్బరీ అప్పుడే టీ కప్పు అందిస్తోంది. కీర్తి కప్పు అందుకుంటూ ఆవిడ బొటనవేలు చూసింది. పసరు పట్టి గోరు నల్లబడి ఉంది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. అక్బరీ చెయ్యి దుపట్టా కిందికి లాక్కుంది గానీ అప్పటికే ఆలస్యమైంది.

కీర్తి తాపీగా టీ ఊదుకుని తాగింది.

“ఉడతలు,” అంది.

“ఉడతలా!”

“ఉడతలే అంకుల్. చింతచిగురంటే పడిచస్తాయి. ఏమీ చెయ్యలేం.”

ఆ పిల్ల వెళ్ళేటప్పుడు స్కూటీ డిక్కీలో చింతచిగురు పొట్లం ఒకటి చేరింది. అది ఎవరు పెట్టారో షరీఫుద్దీన్ చూడలేదు. కుర్చీలో కూర్చుని, ఆకాశం కేసి చూస్తూ, ఉడతల గురించి చాలాసేపు ఆలోచించాడు.

అలా ఏళ్ళు సాఫీగా నడిచిపోయేవే. కానీ ఇంతలో మిస్బాకి నెలలు నిండాయి. ఆసుపత్రి అక్కడే దగ్గరని గాజువాకలోనే పురుడు పోసుకుంది. బాలింతకి నలభై రోజులూ తోడుండడానికి అక్బరీ పెట్టె సర్దుకోవలసి వచ్చింది. మనవడు పుట్టాడన్న ఆనందం ఆవిడకి గుండె నిండా ఉంది. ఓ మూల చిన్న ముల్లు కూడా ఉంది. తను లేని నలభై రోజుల్లో చెట్టు ఏం చేస్తుందో ఆవిడకి తెలుసు. అప్పలనరసమ్మని గిల్లమని అడిగింది. మోకాళ్ళ నొప్పులతో బండెక్కలేనంది ఆవిడ.

తిరిగొచ్చే రోజున వాన పడి వెలిసింది. అనకాపల్లి నుంచి బస్సులో వస్తున్నంతసేపూ అక్బరీ కళ్ళ ముందు చూరు దాటిన చెట్టూ, దాని కింద మిషనూ, మిషను వెనక నుంచి “బేగం” అన్న పిలుపూ కనిపిస్తూనే ఉన్నాయి. ఇంటికి రాగానే పెట్టె గుమ్మంలో వదిలేసి పెరట్లోకి పరుగెత్తింది. చెట్టు చూరు కింద బెత్తెడు దూరంలో వినయంగా నిలబడి ఉంది.

“హమ్మయ్య!” అంది. తర్వాత ఒక్క క్షణానికి అనుమానం వచ్చింది. తను లేదు. నరసమ్మ బండెక్కలేదు. మరి ఎవరు?

బండెక్కి కొన వంచి చూసింది. గిల్లుడు కాదు. గోటితో గిల్లితే చివర నలిగి పీచు లేస్తుంది. ఇది నున్నగా, ఏటవాలుగా, పైజమా నాడా కొస పీచులేవకుండా కోసినట్టు కోసి ఉంది. ప్రతి కొనా అంతే. అలా కోసే చెయ్యి చోడవరంలో ఒక్కటే ఉంది. అంత లావు కొమ్మని ఒక్క కోతలో తెగ్గొట్టే కత్తెర కూడా ఒక్కటే ఉంది, షరీఫుద్దీన్‌కి వాళ్ళ నాన్న ఇచ్చిన పెద్ద కత్తెర.

ఆ కత్తెర సంగతి చెప్పాలి. అది బట్ట తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు. కాగితం కోసినా పదును చెడుతుందని షరీఫుద్దీన్ నమ్మకం. పెళ్ళైన కొత్తలో అక్బరీ తెలీక దాంతో పాల ప్యాకెట్టు కత్తిరించింది. ఆయన అరవలేదు. రెండు రోజులు అన్నం పెడితే తిన్నాడు గానీ మాట్లాడలేదు. అలాంటి కత్తెరతో చెట్టు కొట్టాడంటే ఎంత అవసరం పడిందో!

అక్బరీకి ఒళ్ళు మండిపోయింది. అంటే ఈయనకీ ఇష్టం లేదన్నమాట! పొద్దస్తమానూ బేగం ఎదురుగా ఉంటానని చుట్టాల ముందు కబుర్లు చెప్పి, చాటుగా కత్తెర వేస్తున్నాడన్నమాట! నేనంటే అంత మొహం మొత్తిపోయిందా?

“ఒసే, నువ్వు సేసిన పనే కదే ఆయన సేసింది?” అంది అప్పలనరసమ్మ నవ్వు ఆపుకోలేక.

“నేను చెయ్యొచ్చు. ఆయన ఎలా చేస్తాడక్కా?” అంది అక్బరీ. ఆ మాటలో ఏదన్నా తప్పుందని ఆవిడకి ఎంత వెతికినా కనిపించలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ చెట్టు ముట్టుకోలేదు. అవసరం ఆయనది కాబట్టి ఆయన్నే కోసుకోనీ అని బిగిసి కూర్చుంది. తమాషా ఏమిటంటే, షరీఫుద్దీన్ కూడా కత్తెర తియ్యలేదు. పొద్దున్నే లేచి చెట్టు వంక చూస్తాడు, ఆవిడ వంక చూస్తాడు, క్యారేజీ పట్టుకుని కొట్టుకి పోతాడు. పైన వానలు. చెట్టుకి ఇన్నేళ్ళలో దొరికిన మొదటి సెలవు ఇది. ఒక పొడుగాటి కొన బయల్దేరి, చూరు పక్కకి వచ్చి, చూరు దాటి, పెంకుల మీదికి తల పెట్టి వీధి వంక తొంగి చూసింది.

చూస్తూ ఇద్దరూ నోరెత్తలేదు. ఎత్తినవాడు బంగార్రాజు. కొత్త చొక్కా గుడ్డ ఇవ్వడానికి ఇంటికొచ్చి, పెరట్లోకి చూసి, వీధంతా వినబడేలా కేకేశాడు.

“మాస్టారూ! దాటేసింది! సెట్టు సూరు దాటేసింది! సూసేరా, గునపం దెబ్బ ఇప్పుడు పనిసేసింది!”

మర్నాడే ట్రాక్టరు బస్టాండు వెనక సందులోకి వచ్చింది. టన్నులకొద్దీ చెరకు మోసే ట్రక్కులో ఒంటరిగా ఒక కుట్టుమిషను, దాని పక్కన దాన్ని పట్టుకుని షరీఫుద్దీన్, ముందు హారను కొడుతూ బంగార్రాజు. దారిలో పలకరించిన వాళ్ళందరికీ షరీఫుద్దీన్ చెయ్యి ఊపాడు. నవ్వడానికి ప్రయత్నించాడు గానీ మొహం సహకరించలేదు.

మిషను చెట్టు కింద దిగింది. రెండు గంటలకి తహమీనా పాడుకుంటూ వచ్చి, గుమ్మంలో ఆగి, తలమీదికి చెంగు లాక్కుని వెనక్కి తిరిగింది. దుర్గాదేవి, “ఏటీ లేదు, ఊరికే ఇలా పోతన్నాను,” అని పోయింది. అప్పలనరసమ్మ గోడ అవతల దగ్గింది. బండ మీద గీసిన గళ్ళని ఆ సాయంత్రం వాన కడిగేసింది.

“బేగం, మంచినీళ్ళు.” “బేగం, దారం ఎక్కించు, కళ్ళానడం లేదు.” “బేగం, చూసేవా ఆ కాకి?”

అక్బరీ లేచింది, కూర్చుంది, లేచింది. వంటింట్లోకి వెళ్ళి ఇత్తడి గరిటెతో మాట్లాడుకుంది. అత్తగారి కాలం తిరిగొచ్చినట్టే ఉంది, కాకపోతే ఈ గొంతులో కోపం లేదు, అంతే తేడా. ఆవిడకి ఏడుపొచ్చింది, తన మీద తనకి సిగ్గూ వేసింది. కట్టుకున్న మనిషి ఇంటి పట్టున ఉంటే ఏడ్చే ఆడది లోకంలో తనొక్కతేనేమో అనుకుంది.

షరీఫుద్దీన్ సంగతి అంతకంటే గొప్పగా ఏమీ లేదు. బస్టాండులో అయితే బస్సు దిగినవాడల్లా ఒక కబురు పట్టుకొచ్చేవాడు. కె.కోటపాడులో ఎవరి పెళ్ళి కుదిరింది, చీడికాడ కొండ వైపు వాన ఎంత కొట్టింది, అన్నీ సూది కదులుతుండగానే తెలిసేవి. ఇక్కడ కాకి ఒక్కటే. దాని గురించి చెప్పవలసింది మొదటి రోజే అయిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం, బేగం అని పిలిచి, ఏం కావాలో గుర్తు రాక ఆగిపోయాడు. అక్బరీ ఎదురుగా వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

“మిస్బా అబ్బా, ఒక్క మాటడుగుతాను. నేను గాజువాకలో ఉన్నప్పుడు కోసేవు కదా. వచ్చేక ఎందుకు కొయ్యలేదు?”

షరీఫుద్దీన్ చేతిలో గుడ్డ జారింది. తేరుకుని ఆయన కూడా గొంతు పెంచాడు.

“నేనెందుకు కోస్తాను? నువ్వొచ్చేసేవు కదా! నువ్వుండగా నేను కొయ్యడమేటి? ఇన్నేళ్ళూ గిల్లినదానివి, సరిగ్గా ఇప్పుడే ఎందుకు మానేసేవు?”

గోడ అవతల అప్పలనరసమ్మ దగ్గడం ఆపేసింది.

“నీకు తెలుసా?” అంది అక్బరీ చిన్నగా.

“చలికాలంలో చోడవరం చెట్లన్నీ ముదురాకు మీదుంటే, ఊళ్ళో ఎవరికీ లేని చింతచిగురు నా కంచంలోకి ఎక్కడ్నుంచి వస్తంది బేగం? తిన్నది నేనే కదా!”

అక్బరీ బండ మీద కూలబడింది. అన్ని ఏళ్ళూ తన నేరాన్ని తనే వండి, తనే వడ్డించింది. ఆయన రెండోసారి అడిగి మరీ తిన్నాడు.

“మరి ఆ సైన్సు మాస్టారూ, ఆ గునపమూ, ఆ పిల్లా... తెలిసే పిలిచేవా అందర్నీ?”

“నీ మొహం చూద్దామని,” అన్నాడు షరీఫుద్దీన్. “ఆ అమ్మాయి ఉడతలంది చూడు, అప్పుడు నీ మొహం! వారం రోజులు కొట్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. సూది వేలిలో దిగింది కూడాను.”

ఆవిడ చేతికందిన గుడ్డపీలిక తీసి ఆయన మీద విసిరింది. ఆయన దాన్ని పట్టుకుని, మడతపెట్టి, మిషను సొరుగులో పెట్టాడు. అలవాటు.

“ఓసారి మధ్యాన్నం టేపు మర్చిపోయి ఇంటికొచ్చేను,” అన్నాడు మళ్ళీ. “వీధి గుమ్మంలోకే నీ నవ్వు వినబడింది. మన పెళ్ళైన దగ్గర్నుంచీ నువ్వలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. లోపలికొస్తే ఆగిపోతాదని అలాగే తిరిగెళ్ళిపోయేను. ఆ రోజు ఎవరో పెద్దాయన ప్యాంటు టేపు లేక అందాజు మీద కోసేస్తే అది లుంగీ అయ్యింది. నువ్వు గాజువాక వెళ్ళేక చెట్టు పైకి లేవడం మొదలెట్టింది. అది చూరు దాటేస్తే నీ మధ్యాన్నాలేటైపోతాయి? అందుకని కోసేను.”

అక్బరీ మిషను మీదున్న పెద్ద కత్తెర కేసి చూసింది. తర్వాత, “పెద్ద కత్తెరతోనా?” అంది.

“చిన్నది కనబడలేదు.”

చిన్న కత్తెర ఎప్పట్లాగే దారానికి కట్టి ఆయన మెడలో వేలాడుతోంది. ఆవిడ దాన్ని చూసింది, ఆయన చూడలేదు. అక్బరీకి ఆ మనిషి మీద పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎప్పుడూ రానంత ప్రేమ వచ్చింది. మళ్ళీ మంచినీళ్ళు అడిగితే పోతుందేమోనని భయం కూడా వేసింది.

“కొట్టు తాళం ఓనరుకిచ్చేసేవా?” అంది.

షరీఫుద్దీన్ జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసి చూపించాడు. “ఇద్దామనే అనుకుంటన్నాను. తీరికవలేదు.”

మూడు రోజులుగా ఆయనకి ఉన్నదల్లా తీరికే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఒక్కసారే నవ్వారు. కానీ మాట ఒకటి ఉంది కదా. చెట్టు చూరు దాటితే మిషను ఇంట్లో ఉండాలి. బంగార్రాజు సాక్షి. షరీఫుద్దీన్ పెంకుల మీద ఊగుతున్న కొన వంక చూశాడు. లేచి, లోపలి నుంచి ఎత్తు స్టూలు తెచ్చి చెట్టు కింద వేశాడు. పెద్ద కత్తెర అందుకున్నాడు.

“జారిపోతానేమో, కాస్త పట్టుకో బేగం,” అన్నాడు.

అక్బరీ స్టూలు కాళ్ళు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. పట్టపగలు, ఎండలో, గోడ మీద నుంచి అప్పలనరసమ్మ కళ్ళప్పగించి చూస్తుండగా, టైలరు షరీఫుద్దీన్ చింతచెట్టుని చూరు కింది దాకా కొలిచి ఏటవాలుగా కత్తిరించాడు. కింద పడిన చిగురంతా అక్బరీ దుపట్టాలో ఏరుకుంది.

ఆదివారం బంగార్రాజుని భోజనానికి పిలిచారు. అతను పెరట్లో చేతులు కడుక్కుంటూ తల పైకెత్తి అలాగే ఉండిపోయాడు.

“ఇదేటి మాస్టారూ! మళ్ళీ పొట్టిదైపోయిందేటి? మొన్న నా కళ్ళతో సూసేను కదా! ఏటైంది?”

“ఉడతలు!” అన్నారు మొగుడూ పెళ్ళాం ఒక్కసారే.

మిషను మళ్ళీ బస్టాండుకి చేర్చాలంటే ట్రాక్టరు కావాలి కదా, ఎప్పుడు తెమ్మంటారు అని అడిగి, బంగార్రాజు ఉడతల జాతి మొత్తాన్ని తిట్టుకుంటూ చింతచిగురు మాంసం రెండోసారి వేయించుకున్నాడు.